ఎడమ రెక్క సంగతి

సూదక్క ఆ హ్యాంగర్‌లో మొదటిసారి అడుగుపెట్టింది తోలు కుట్టడానికి. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. విమానాశ్రయానికి వెనకవైపు, టికెట్ కొనుక్కుని ప్రయాణం చేసేవాళ్ళెవరూ చూడని పక్కన, రేకుల కప్పుతో ఉన్న పెద్ద షెడ్డు అది. కంపెనీలవాళ్ళు పదేళ్ళో పదిహేనేళ్ళో వాడుకుని ఇక చాలనుకున్న జెట్ విమానాలు అక్కడికి వచ్చి ఆగేవి. మరీ బుల్లివీ కావు, సముద్రాలు దాటే భారీవీ కావు. ఎనిమిది మంది కాళ్ళు బారజాపుకుని కూర్చోగలిగినవి. వాటిని కడిగించి, రంగు వేయించి, లోపల సీట్లకు కొత్త తోలు తొడిగించి ఇంకొకరికి అమ్మిపెట్టడం ఓనరు వ్యాపారం. కొత్తది కొనడానికి ధైర్యం చాలనివాళ్ళు ఒకవైపు, కొన్నదాన్ని భరించలేనివాళ్ళు మరోవైపు. ఆ ఇద్దరి మధ్య నిలబడి మాట కలపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

సీట్ల గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడకు ఆనించిన తోలు చుట్టలు ఉండేవి. మిషను వెళ్ళలేని మూలలు చేత్తోనే కుట్టాలి. అక్కడ ఆమె సూది ఎంత గుట్టుగా నడిచేదంటే, కుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చివరికి ఆమే వెతుక్కోవాల్సి వచ్చేది. అలా అందరికీ సూదక్క అయింది. ఇరవై ఒక్క ఏళ్ళు కుట్టాక, ఒక చలికాలం కుడిచేతి బొటనవేలు మొరాయించింది. మొదట పొద్దున్నపూట మాత్రమే నొప్పి. ఆ తరువాత రోజంతా. చివరికి టీ కప్పు పట్టుకున్నా చురుక్కుమనేది. డాక్టరు ఆ వేలిని అటూ ఇటూ వంచి చూసి, "ఇక సూది మర్చిపోండమ్మా" అన్నాడు, ఎక్కడో గొడుగు మర్చిపోయినంత తేలిక అన్నట్టు.

ఓనరు చెడ్డవాడు కాడు. నోరు పెద్దది, చెయ్యి కాస్త బిగువు, అంతే. ఆమెను పంపేయడానికి మనసొప్పక, మెట్ల కింద ఉన్న కాగితాల గదిలో కూర్చోబెట్టాడు. "దుమ్ము దులుపుతూ ఉండు. ఎవరైనా ఫైలడిగితే తీసివ్వు. అదే పని" అన్నాడు.

ఆ గదిలో ఏముందో ఆయనకే సరిగా తెలియదు. ప్రతి విమానానికీ పుట్టిన నాటి నుంచి లాగ్ పుస్తకాలుంటాయి. ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, ఏ బోల్టు ఎప్పుడు మార్చారు, ఏ చక్రం ఎవరు విప్పారు, అన్నీ తేదీతో, సంతకంతో, మెకానిక్కు స్టాంపు నంబరుతో సహా వాటిలో ఎక్కాలి. కొనడానికి వచ్చినవాళ్ళు రంగు చూసి మురిసిపోతారు గానీ, సంతకం పెట్టే ముందు తిరగేసేది ఈ పుస్తకాలనే. ఒక్క ఏడాది పేజీలు కనిపించకపోయినా ఆ విమానాన్ని చూసే చూపే మారిపోతుంది.

సూదక్క పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పుస్తకాల నిండా ఇంగ్లీషు, అందులోనూ పొడి అక్షరాలు, గొలుసుకట్టు రాతలు. మొదటి వారం ఆమెకు కళ్ళు తిరిగాయి. ఒక పేజీ జిరాక్సు తీయించుకుని ఇంటికెళ్ళి అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు రిటైరైన టీచరు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల నోటుపుస్తకాలు దిద్దింది. చెవులు మందగించాయి గానీ చూపు మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళజోడు సవరించుకుని, పేజీని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఇది ఇద్దరు రాశారమ్మాయ్" అంది.

"ఒక్కటే సంతకం ఉంది కదా అత్తయ్యా?"

"సంతకం అలా ఉంచు. పైన రాసినవాడికి తొందర, కింద రాసినవాడికి తీరిక. ఈ తొమ్మిది చూడు, తోక లోపలికి ముడిచాడు. ఆ తొమ్మిదికి తోక గాలికొదిలేశాడు. ముందు చేతిరాత చదవడం నేర్చుకో. ఇంగ్లీషు దాని వెనకాలే వస్తుంది."

ఆ రోజు నుంచి సాయంత్రం పూట వంటింటి బల్ల బడి అయిపోయింది. సూదక్క భర్త విమానాలకు ఇంధనం పోసే ట్యాంకరు నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి, ఈ అత్తాకోడళ్ళు తలలు ఆనించుకుని కూర్చోవడం చూసి, "ఒకరు టీచరు, ఒకరు స్టూడెంటు. ఈ ఇంట్లో బడి ఎగ్గొట్టింది నేనొక్కణ్ణే" అంటూ గిన్నెలు కడగడానికి లేచేవాడు.

ఏడాది తిరిగేసరికి సూదక్క పుస్తకాలు గడగడా చదవసాగింది. రెండో ఏట ఒక ఇంజిన్ పుస్తకంలో ఒకే పంపును రెండుసార్లు ఊడదీసినట్టు రాసి ఉందనీ, మధ్యలో బిగించినట్టు ఎక్కడా లేదనీ పట్టుకుంది. కొనేవాళ్ళ ఇంజినీరు కూడా గమనించని విషయమది. అప్పుడు ఓనరు మొదటిసారి ఆమె వైపు తిన్నగా చూశాడు. అప్పటినుంచి ప్రతి విమానంతోపాటు, ఏ కాగితం ఎక్కడుందో, ఏది లేదో చెప్పే జాబితా ఒకటి వెళ్ళసాగింది. దాని అడుగున సూదక్క సంతకం ఉండేది. ఐదేళ్ళు గడిచేసరికి, పక్క ఊళ్ళ బ్రోకర్లు కూడా "ఆవిడ చూసిందా?" అని అడిగే స్థితి వచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక విమానం హ్యాంగర్ వెనక గోడ దగ్గర చేరి కదలనని భీష్మించింది. పంతొమ్మిదేళ్ళది. తెల్లటి ఒళ్ళు, కిటికీల కింద సన్నటి నీలం గీత. మొదట నడిపిన కంపెనీ మూతపడ్డాక రెండు చేతులు మారి ఇక్కడికొచ్చింది. వచ్చి రెండేళ్ళయినా అమ్ముడుపోలేదు. దానికి మూడు పుస్తకాలుండాలి. ఒకటోదీ, మూడోదీ ఉన్నాయి. రెండోది లేదు. తొమ్మిదో ఏడు నుంచి పదమూడో ఏడు దాకా ఆ విమానం ఏం చేసిందో, దానికి ఎవరు ఏం చేశారో చెప్పే కాగితం ముక్క లేదు.

అసలు చిక్కు దాని చక్రాల కాళ్ళతో వచ్చిపడింది. విమానం నేల మీద నిలబడే ఆ మూడు కాళ్ళను పన్నెండేళ్ళకోసారి ఊడదీసి, ప్రత్యేకమైన వర్క్‌షాపుకు పంపి, సాంతం బాగుచేయించి తేవాలి. మూడో పుస్తకం మొదటి పేజీలో ఆ పని అయిందన్న ఒకే ఒక్క వాక్యం ఉంది. చేసినవాళ్ళ సర్టిఫికెట్ లేదు. అది లేకపోతే పని మళ్ళీ మొదటినుంచి చేయించాలి. ఆ వయసు విమానానికి అంత ఖర్చు పెట్టే సాహసం ఎవరూ చేయరు. కొనేవాళ్ళు వచ్చేవారు, లోపల కూర్చునేవారు, సీట్ల తోలు నిమిరేవారు, రెండో పుస్తకం అడిగేవారు, మళ్ళీ ఫోన్ చేస్తామని వెళ్ళిపోయేవారు. ఆ ఫోన్లు ఎప్పుడూ మోగలేదు.

ఒక సోమవారం పొద్దున ఓనరు కాగితాల గది గుమ్మంలో నిలబడ్డాడు. "వెనక గోడ విమానం ఫైళ్ళు కట్టకట్టు సూదక్కా. విడిభాగాలవాళ్ళతో మాట్లాడేశాను. ఇంజిన్లు ఒకరికి, తలుపులు, కిటికీలు ఇంకొకరికి. మిగతాది తుక్కు."

సూదక్కకు గుండె కలుక్కుమంది. ఆ ఎనిమిది సీట్లూ ఆమె కుట్టినవి కావు. అంత అనుబంధమేమీ లేదు. కానీ ఒకటో పుస్తకం, మూడో పుస్తకం అక్షరం పొల్లుపోకుండా చదివింది ఆమె. బాగా పెరిగిన విమానమది.

"మొదటి కంపెనీ దగ్గరున్నప్పుడు దీని రోజువారీ మరమ్మతులు చూసిన వర్క్‌షాపువాళ్ళని అడిగారా సార్?"

"అది మూసేసి ఆరేళ్ళయింది. ఆ నంబర్లో ఇప్పుడు పూలకొట్టు ఆయన పలుకుతున్నాడు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ బొకే ఎంత సైజులో కావాలని అడిగాడు."

"నేను వెతికి చూడనా?"

ఓనరు నవ్వాడు. "చూడు. వాళ్ళు రావడానికి రెండు నెలలుంది. ఆ తరవాత మాత్రం నన్ను బతిమాలొద్దు."

ఆమె ఒకటో పుస్తకం చివరి పేజీలూ, మూడో పుస్తకం మొదటి పేజీలూ పక్కపక్కన పరిచింది. రెండు చోట్లా ఒకటే చేతిరాత. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత. వాక్యం చివర చుక్కను ఎంత గట్టిగా నొక్కాడంటే, వెనక పేజీ మీద వేలితో తడిమితే తెలుస్తుంది. స్టాంపు నంబరు పదిహేడు. అటు చివరా, ఇటు చివరా ఈ మనిషే ఉన్నాడంటే మధ్యలో నాలుగేళ్ళూ ఆయనే ఉండి ఉండాలి.

జిరాక్సు చూసి అత్తగారు తలాడించింది. "చుక్క ఇంత గట్టిగా పెట్టేవాడు రాసింది మర్చిపోడమ్మాయ్. ముందు మనిషిని పట్టుకో."

మనిషిని పట్టుకునే పని ట్యాంకరు డ్రైవరు మీద పడింది. ఆ విమానాశ్రయం చుట్టుపక్కల ఆయనకు తెలియనివాడు లేడు. తెలియకపోతే టీ తాగించి తెలుసుకుంటాడు. నాలుగో రోజు వార్త మోసుకొచ్చాడు.

"నీ పదిహేడో నంబరు దొరికాడు. విమానాలు మానేశాడు. బస్సులో నాలుగు గంటల దూరం. అక్కడొక ఆసుపత్రిలో చక్రాల కుర్చీలు బాగుచేస్తున్నాడట. కానీ మనిషి మహా కోపిష్ఠి అంటున్నారు. విమానం మాటెత్తితే చేతిలో ఏదుంటే అది విసురుతాడట."

"విసిరితే పక్కకి తప్పుకుంటాను" అంది సూదక్క.

"నేనూ వస్తాను" అంది అత్తగారు. తక్కిన మాటలు వినపడ్డాయో లేదో గానీ, బస్సు అన్న మాట మాత్రం ఆవిడ చెవికి ఎప్పుడూ స్పష్టంగానే సోకుతుంది.

ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదికి ఎదురుగా ఉంది ఆ వర్క్‌షాపు. వరసగా చక్రాల కుర్చీలు, విరిగిన మంచాల కాళ్ళు, గోడ మీద చిన్నా పెద్దా వరసలో వేలాడదీసిన స్పానర్లు. బాగైన కుర్చీలకు ఆకుపచ్చ చీటీ, కానివాటికి ఎర్ర చీటీ. అరవై దాటిన మనిషి, బక్కపలచగా, నెరిసిన గుబురు కనుబొమలతో, ఒక కుర్చీని బోర్లించి పనిచేసుకుంటున్నాడు. సూదక్క తానెవరో, ఎందుకొచ్చిందో చెప్పింది.

ఆయన తలెత్తలేదు. "విమానాలతో నాకు పనిలేదమ్మా. ఏనాడో చేతులు కడుక్కున్నాను."

"ఐదు నిమిషాలు చాలండీ..."

"అర నిమిషం కూడా లేదు. మూడింటికల్లా పై వార్డుకి నాలుగు కుర్చీలివ్వాలి. మీరు బస్సుకి వెళ్ళండి."

ఇంతలో బస్సు ప్రయాణంతో అలసిన అత్తగారు ఆకుపచ్చ చీటీ ఉన్న కుర్చీలో కూర్చుండిపోయింది. కూర్చున్నావిడ ఊరుకోక చక్రాలు తిప్పుకుంటూ గుమ్మం వైపు బయలుదేరింది.

"ఇది ఎడమకి లాగుతోంది నాయనా" అంది గట్టిగా.

ఆయన చేతిలో స్పానరు ఆగిపోయింది. "లాగదు. నిన్ననే చేశాను."

"లాగుతోంది. నేను గుమ్మంలోకి పోదామంటే అది నన్ను గోడకేసి తీసుకెళ్తోంది."

"తప్పు పట్టే తీరు చూస్తే టీచరుగారిలా ఉన్నారే!"

"ముప్ఫై నాలుగేళ్ళు" అంది అత్తగారు, ఈసారి మాట సరిగ్గానే వినపడి.

ఆయన విసురుగా లేచి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. ఆవిణ్ణి మెల్లగా లేపి బల్ల మీద కూర్చోబెట్టి, చక్రం ఊడదీసి, లోపలి గుండ్లు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే చూశాడు. ముఖంలో కోపం కాస్తా జారిపోయింది. "ఒక గుండు అరిగింది. నేను చూడలేదు" అన్నాడు. ఎవరిమీదా విసుక్కోలేదు. అరిగినదాన్ని విడిగా ఒక డబ్బా మూతలో పెట్టి, కొత్తది వెతకసాగాడు.

సూదక్క తాను తెచ్చిన జిరాక్సు కాగితాన్ని ఆయన కళ్ళపడేలా బల్ల మీద పరిచింది. గ్రీజు చేతులతోనే ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ ఏడు నాదే" అన్నాడు చివరికి.

ఆ తరువాత చెప్పడానికి ఎవరూ బతిమాలక్కర్లేకపోయింది. "నాలుగేళ్ళూ దాన్ని చూసింది నేనేనమ్మా. దాని పదకొండో ఏట, ఒక వానరోజు, హ్యాంగర్ లోపలికి లాగుతుంటే ట్రాక్టరు నడిపేవాడు తలుపు వెడల్పు చూసుకోలేదు. ఎడమ రెక్క చివర ఇనుప స్తంభానికి కొట్టుకుంది. పైకి జానెడు సొట్ట. విప్పి చూస్తే లోపల ఒక పట్టీ వంగింది. తయారుచేసిన కంపెనీ నుంచి డ్రాయింగు తెప్పించి, పట్టీ మార్చి, ఫొటోలతో సహా పుస్తకంలో ఎక్కించాను. విమానం నడిపించే కంపెనీ మేనేజరు వచ్చి, అది రాయొద్దు, రేపు అమ్మేటప్పుడు ధర పడిపోతుంది అన్నాడు. నేను వినలేదు. రెండేళ్ళు గడిచాయి. పుస్తకం నిండి మూడోది మొదలుపెట్టిన నెలలోనే రెండోది బీరువాలోంచి మాయమైంది. అడిగితే, నువ్వే పోగొట్టావన్నారు. అందరి ముందూ అన్నారు."

ఆయన చేతులు తుడుచుకుని, కింది సొరుగు లాగాడు. అందులో ఏడాదికొకటి చొప్పున చిన్న చిన్న జేబు డైరీలు. "పుస్తకం నా దగ్గర లేదు. ఇవున్నాయి. ఏ పని ఎప్పుడు చేశాను, ఏ భాగం నంబరెంత, బయటికి పంపితే ఏ షాపుకి, వాళ్ళు ఆ పనికిచ్చిన జాబ్ నంబరేంటి, అన్నీ ఉంటాయి. కాళ్ళ సంగతీ ఉంది."

సూదక్క చెయ్యి చాపబోయింది. ఆయన సొరుగు మీద చెయ్యి తీయలేదు.

"ఒక్క మాటమ్మా. కాళ్ళ నంబర్లు మీకు కావాలి, నాకు తెలుసు. రెక్క సంగతి మీ ఓనరుకి అక్కర్లేదు, అదీ తెలుసు. ఒకటి తీసుకుని ఒకటి వదిలేసేట్టయితే ఇప్పుడే చెప్పండి. సొరుగు మూసేస్తాను."

ఓనరు ముఖం ఆమె కళ్ళముందు మెదిలింది. "రెండూ ఎక్కిస్తాను" అంది.

"ఎవరి హామీ మీద?"

"నా సంతకం మీద."

ఆయన డైరీలు బల్ల మీదికి చేర్చాడు. వాటిని ఇంటికి ఇవ్వనన్నాడు. ఆమె అడగనూ లేదు. అత్తగారు పెద్దగా చదువుతుంటే, సూదక్క కలాన్ని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించుకుని, బొటనవేలికి శ్రమ లేకుండా రాసుకుంది. అంకె తప్పు చదివినప్పుడల్లా ఆయన కుర్చీ బిగిస్తూనే అటునుంచి సరిదిద్దేవాడు. డైరీ చూడకుండానే. మూడింటికి నర్సు వచ్చి నాలుగు కుర్చీలూ తీసుకెళ్ళింది. నాలుగున్నర బస్సుకు వీళ్ళిద్దరూ బయలుదేరారు.

మర్నాటి నుంచి సూదక్క ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. మధ్య నాలుగేళ్ళలో దొరకాల్సినవి నలభై ఒక్క పనులని తేల్చింది. ఒక్కో పనికీ ఒక్కో ఉత్తరం, దానిలో తేదీ, భాగం నంబరు, జాబ్ నంబరు. కాళ్ళు బాగుచేసిన షాపువాళ్ళు మొదట, అంత పాతవి తీయడం కుదరదని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఆమె ఫోన్ చేసింది. పలికిన అమ్మాయికి జాబ్ నంబరు చదివి వినిపించింది. "నంబరు ఉందా మీ దగ్గర! అయితే ఆగండి" అందా అమ్మాయి. ఆ ఆగమనడం మూడు వారాలు పట్టింది. సూదక్క రోజూ పోస్టు వచ్చే వేళకు గేటు దగ్గర తచ్చాడేది. కాపలా అతను దూరం నుంచే చెయ్యి ఊపి లేదనేవాడు.

ఆరో వారంలో, ఒక బుధవారం, అతను చెయ్యి ఊపలేదు. లావుపాటి కవరు పట్టుకుని ఎదురొచ్చాడు. మూడు కాళ్ళవీ మూడు సర్టిఫికెట్లు, సీళ్ళతో, నంబర్లతో. అదే వారం తయారీ కంపెనీ నుంచి రెక్క డ్రాయింగు, ఫొటోలు, మరమ్మతు నివేదిక కూడా వచ్చాయి; వాళ్ళు ఇచ్చిన డ్రాయింగు కాబట్టి వాళ్ళ దగ్గర నకలు ఉండిపోయింది. మొత్తం మీద ముప్ఫై నాలుగు పనులకు కాగితాలు దొరికాయి. మిగిలిన ఏడూ చిన్నవి. వాటిని హ్యాంగర్ మెకానిక్కులు మళ్ళీ విప్పి చూసి కొత్తగా రాస్తే సరిపోతుంది.

కాళ్ళ సర్టిఫికెట్లు చూసి ఓనరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. తరువాతి కాగితం తిప్పాడు.

"ఇదేంటి?"

"ఎడమ రెక్క సంగతి సార్."

చదివాడు. ముఖం కందగడ్డ అయింది. "ఎవరడిగారు నిన్ను ఇది? కాళ్ళు వెతకమంటే రెక్క విరిచి తెచ్చావే!"

"విరగలేదు సార్. తగిలింది, బాగుచేశారు. అదే రాసుంది."

"కొనేవాడికి తగిలింది అన్న మాట ఒక్కటే కనపడుతుంది. ఆ తరవాతి మాటలు చదవడు. తీసెయ్ ఈ నాలుగు కాగితాలూ."

"తీసేస్తే జాబితా మీద నా సంతకం ఉండదు సార్."

ఆ సంతకం లేకుండా విమానం బయటికెళ్తే పక్క ఊళ్ళ బ్రోకర్లు ఏమనుకుంటారో ఓనరుకు చెప్పనక్కర్లేదు.

"ఉద్యోగం పోతుందని భయం లేదా నీకు?"

"ఎందుకు లేదు సార్, మోకాళ్ళు వణుకుతున్నాయి. అందుకే లేవకుండా కూర్చునే మాట్లాడుతున్నాను."

ఆయన ఫైలు చంకన పెట్టుకుని దడదడా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆమెతో పలకలేదు. ఇంట్లో చెబితే భర్త, "పోతే పోనీ. ట్యాంకరు నడపడం నేర్పిస్తాను" అన్నాడు. అత్తగారు కంగారుగా, "ఏం పోయింది? కరెంటా?" అంది. సూదక్క నవ్వబోయి ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే వెళ్ళి వస్తున్న చోటు. ఆవిడ కోడలి చేతి మీద చెయ్యి వేసి, విషయం మొత్తం మళ్ళీ చెప్పించుకుని విని, "తప్పు రాసినవాడికి మార్కులు తగ్గిస్తాం గానీ, రాసి దిద్దుకున్నవాడికి తగ్గించం. మీ ఓనరు ఎప్పుడైనా వస్తే నా దగ్గరికి పంపు" అంది.

మూడో రోజు ఓనరే వచ్చి ఫైలు బల్ల మీద పడేశాడు. "గురువారం ఒక కెప్టెన్ వస్తోంది. నాలుగు ఊళ్ళలో ఫ్యాక్టరీలున్న కంపెనీ. ఆ రెక్క కాగితాలు కనీసం చిట్టచివర పెట్టు."

సూదక్క తేదీల వరసలోనే పెట్టింది.

గురువారం వచ్చిన కెప్టెన్‌కు నలభై అయిదేళ్ళుంటాయి. ఆ కంపెనీ పైలట్లందరికీ పెద్ద ఆమె. వెంట ఇద్దరు ఇంజినీర్లు. ఆమె విమానం ఎక్కలేదు, సీట్లు చూడలేదు. తిన్నగా మెట్ల కింది గదిలోకొచ్చి, మోకాళ్ళు బీరువాకు తగిలేలా ఇరుకుగా కూర్చుని, రెండు గంటలు పుస్తకాలు తిరగేసింది. ఓనరు గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. రెక్క దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇది ఇక్కడ ఎవరు పెట్టారు?"

"నేనే మేడమ్" అంది సూదక్క.

"ఎందుకు?"

"జరిగింది కాబట్టి పెట్టాను."

కెప్టెన్ ఆమెను తేరిపార చూసింది. "మూడు నెలల్లో నేను చూస్తున్న ఏడో విమానం ఇది. అమ్మేవాళ్ళు ఆరుగురూ ఒక్క గీత కూడా పడలేదన్నారు. రెండింటికి మావాళ్ళు రంగు గీరితే కింద పుట్టీ బయటపడింది. ఇక మిగతా నాలుగూ నిజంగా మంచివే అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు." ఇంజినీర్ల వైపు తిరిగింది. "ముందు ఎడమ రెక్క విప్పండి."

విప్పారు. లోపల పట్టీ ఉంది. దాని మీద చెక్కిన నంబరు, మెకానిక్కు డైరీలోంచి సూదక్క రాసుకొచ్చిన నంబరు అంకెకు అంకె సరిపోయాయి. ఆ తరువాత తొమ్మిది రోజులు పరీక్షలు జరిగాయి. ఇంజిన్లలోకి సన్నటి గొట్టంతో కెమెరా పంపి చూశారు. కాళ్ళు పైకి ముడిపించి, కిందికి దింపించి చూశారు. ఒక కిటికీ చుట్టూ రబ్బరు చీలి ఉంది, రెండు టైర్లు మార్చాల్సి వచ్చింది. అంతే. రెక్క పేరు చెప్పి కెప్టెన్ ధర తగ్గించమంది. తన ప్రాణం తీసేస్తున్నారని ఓనరు గోలపెట్టాడు. గోలపెడుతూనే సంతకం పెట్టాడు. ముక్కలుగా అమ్మితే వచ్చేదానితో పోలిస్తే ఎంత నయమో ఆయనకు తెలియక కాదు.

ఆ మధ్యాహ్నం సూదక్క ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"పుస్తకంలో ఎక్కిందా?" అన్నాడు ఆయన.

"ఎక్కింది. మీ పేరుతో, మీ స్టాంపు నంబరుతో. కొన్నవాళ్ళు చదివే కొన్నారు. ఈ వివరాలన్నీ మీరు దాచిన డైరీల వల్లే దొరికాయని మొదటి పేజీలోనే రాశాను."

అవతల దుప్పట్లుతికే యంత్రం హోరు వినిపించింది. తరువాత ఆయన, "విమానం ఎప్పుడు వెళ్తుంది?" అని అడిగాడు.

వెళ్ళే రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకు వచ్చాడు. విమానాన్ని బయటికి లాగాక చుట్టూ ఒకసారి నడిచాడు. ఎడమ రెక్క చివర ఆగి, అరచేయి ఆనించి చూశాడు. కెప్టెన్ ఆయన పక్కకొచ్చి, "దీని అలవాట్లు ఏమైనా ఉంటే చెప్పండి" అంది. ఆయన కాసేపు ఆలోచించి, "చలికాలం సామాన్ల తలుపు బిగుసుకుంటుంది. గట్టిగా లాగకండి, కొంచెం పైకెత్తి తియ్యండి" అన్నాడు. ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది. ఆయన చెప్పింది ఒకరు రాసుకోవడం చూసి ఇంకో అయిదారు సంగతులు గుర్తుచేసుకున్నాడు. అవీ రాసుకుంది. పది గంటలకు విమానం లేచింది. సూదక్క భర్త దానికి తానే ఇంధనం పోశానని ఆ వారమంతా చెప్పుకున్నాడు.

కాగితాల గది ఇప్పుడు మెట్ల కింద లేదు. ముందువైపు, రెండు కిటికీలున్న గదిలోకి మారింది. పదిహేడో నంబరు మెకానిక్కు నెలకు రెండు రోజులు వచ్చి, పాత పుస్తకాల్లో సూదక్కకు అంతుపట్టని పనులు విడమరచి చెబుతాడు. మిగతా రోజులు ఆయనకు ఆసుపత్రి కుర్చీలే. సీట్ల గదిలో పనిచేసే ఒకామె కూడా చేతిరాతలు చదవడం నేర్చుకుంటానంది. వారానికి మూడు సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర అత్తగారికి ఇప్పుడు ఇద్దరు విద్యార్థులు. కెప్టెన్ కంపెనీ తమ పుస్తకాలన్నీ ఏడాదికోసారి చూసిపెట్టమని సూదక్కను అడిగింది. మొదటిసారి వెళ్ళేటప్పుడు అత్తగారు బస్సే కదా అని అడిగి, తనూ సంచీ సర్దుకుంది.

మొన్నామధ్య ఒక కొత్త గిరాకీ వచ్చాడు. సూదక్క కిటికీ పక్కన కూర్చుని పదకొండేళ్ళ విమానం పుస్తకం చదువుతోంది. బయట ఓనరు అతని భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తూ, "మా దగ్గర పద్ధతే వేరు సార్. దెబ్బలేమైనా ఉంటే ముందు అవే చూపిస్తాం. నేను ఈ వ్యాపారం మొదలుపెట్టిన రోజునుంచీ పెట్టుకున్న నియమం ఇది" అంటున్నాడు.

సూదక్క పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుని, పేజీ తిప్పింది.